ఐటీఐ ఎడ్లు

మా ఇంటికి కరెంటు కంటే స్విచ్చి ఏడేళ్ళు ముందొచ్చింది. పట్నం వాళ్ళకి ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వనీండి, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం ఆ స్విచ్చిని చూస్తే ఏడుపొచ్చేది, ఏడుపు కంటే ముందు కోపమొచ్చేది. మా అమ్మ అప్పలనర్సమ్మ నన్ను ఎండుమిరప అని ఊరికే పిలవలేదు.

ఆ స్విచ్చి పెట్టింది మా అన్న ధర్మ. పేరున్నవాడు కాదు, పదవున్నవాడు కాదు, అతని గురించి ఎవరూ ఏమీ రాయరు. అరకు నుంచి నాలుగు కిలోమీటర్లు కొండెక్కితే వచ్చే కరకపుట్టు అనే ముప్పై గడపల ఊళ్ళో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివిన మొదటి మనిషి అతను. చదివి వచ్చేనాటికి ఆ ఊళ్ళో కరెంటు లేదు. ఆ చదువు లాభమా, నష్టమా అని మా ఊరు పదకొండేళ్ళు వాదించుకుంది. వాళ్ళకి అది కాలక్షేపం. నాకు మాత్రం నా చదువంతా దాని మీదే ఆగింది.

సంగతి తొంభై రెండులో మొదలైంది. కొండ కింద ఆశ్రమ పాఠశాలలో సర్వేశ్వరరావు మేష్టారని ఉండేవారు. శృంగవరపుకోట ఆయన. ధర్మన్న ఆయన దగ్గరే చదువుకుని, తర్వాత అరకులో పది పాసయ్యాడు. ఒకనాడు మేష్టారి రేడియో మూగపోతే అన్న దాన్ని విప్పి, తుడిచి, బిగించి మాట్లాడించాడు. అంతే, మేష్టారు గొడుగు పట్టుకుని కొండెక్కి మా వాకిట్లోకి వచ్చేశారు.

"గాసీ, నీ కొడుకు చేతిలో పని ఉందయ్యా," అన్నారు మా అయ్యతో. "విశాఖపట్నంలో ఐటీఐ అని ఉంటుంది. ఎలక్ట్రీషియను కోర్సు. రెండేళ్ళు. గవర్నమెంటు దాంట్లో సీట్లు అయిపోయాయి గానీ ప్రైవేటు దాంట్లో నేను మాట్లాడతాను."

"ఖర్సు ఏటవుద్ది బాబూ?"

"ఫీజు, గది, తిండి, పనిముట్లు, అన్నీ కలిపి నాలుగున్నర వేలు పైమాటే."

అయ్య వాకిట్లోకి చెయ్యి చాపాడు. "నా కాడ అంత సొమ్ము రెండు సోట్ల ఉంది. అదుగో, నల్లోడు. ఇదుగో, బూడిదోడు."

అవి మా ఎడ్లు. నల్లోడు కాస్త పొగరుబోతు, బూడిదోడు నా చేతిలోంచి చోళ్ళు, అంటే రాగులు, తినేవాడు. మేష్టారు వాటి వంక చూసి, దగ్గి, గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు.

"అమ్మెయ్ గాసీ," అన్నారు చివరికి. "రెండేళ్ళు ఓపిక పట్టు. ఆ తర్వాత నీ ఎడ్లు నీ వాకిట్లోకి తిరిగి రాకపోతే నన్నడుగు."

ఆ వచ్చిన శుక్రవారం సంతలో ఎడ్లు నాలుగువేల ఎనిమిది వందలకి పోయాయి. ఎద్దుని అమ్మినా పలుపు ఇవ్వరు మావాళ్ళు. పలుపు మన దగ్గరుంటే పశువు మళ్ళీ ఇంటికొస్తుందని నమ్మకం. అయ్య రెండు పలుపులూ భుజాన వేసుకొచ్చి పొయ్యి పక్క గోడకి మేకు కొట్టి తగిలించాడు. ఆ పూట అంబలి కూడా తాగలేదు. నేను బూడిదోడి కోసం ఏడుస్తుంటే, "ఊరుకోయే గుంటా, సదువుకెల్లినారు, వొచ్చేత్తారు," అన్నాడు.

ఎడ్లు లేని సేద్యం ఎంత కష్టమో చెబితే అర్థం కాదు. మా ఊళ్ళో డబ్బుకి ఎడ్లు ఇవ్వరు, పనికి ఇస్తారు. ఒకరోజు ఎడ్లు తెచ్చుకుంటే రెండ్రోజులు వాళ్ళ పొలంలో మనిషి పని చెయ్యాలి. పక్కింటి సింహాచలం మామ ఎడ్లతో మా సామచేను దున్నుకుని, అయ్య, అమ్మ, నేను ముగ్గురం వాళ్ళ మెట్టలో రాళ్ళు ఏరేవాళ్ళం. సింహాచలం మామ మంచివాడే. నోరే కాస్త దురద. "ఏటి గాసీ, నీ ఎడ్లు ఇప్పుడు ఏ కలాసు?" అని రోజూ అడిగేవాడు.

తొంభై నాలుగులో అన్న తిరిగొచ్చాడు. మనిషి పొడుగయ్యాడు. చేతిలో ఒక రేకుపెట్టె, అందులో టెస్టరు, కటింగ్ ప్లేరు, రెండు స్క్రూడ్రైవర్లు, ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్. అయ్య సర్టిఫికెట్‌ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండెడ్లు ఇంత పల్సగా అయిపోనాయి," అని నవ్వి, "సరే, ఏటి నేర్సినావో సూపించు," అన్నాడు.

అన్న ఏం చూపిస్తాడు? కరెంటు లైను కొండ కింద ఘాట్‌రోడ్డు దగ్గరే ఆగిపోయింది. కానీ ఎడ్లు అమ్మిన మనిషి అడిగాడు. ఐటీఐలో పోగేసుకున్న వైరు ముక్కలు అతికి, గోడకి చెక్క బద్దలు కొట్టి, నడవలో ఒక స్విచ్చి, దూలానికి ఒక హోల్డరు, దానికొక బల్బు పెట్టాడు. వైరు రెండో కొస అటక మీదికి తీసుకెళ్ళి చూరు కింద చుట్టచుట్టి వదిలేశాడు. "స్తంభం వచ్చిన్నాడు దీన్ని తగిలించడమే అయ్యా," అన్నాడు.

ఊరంతా చూడ్డానికి వచ్చింది. దిసారి పోతురాజు తాత కూడా వచ్చాడు. దిసారి అంటే మా ఊరికి మంచిచెడ్డ రోజులు చెప్పేవాడు, ఒట్లూ మొక్కులూ తీర్చేవాడు. తాత స్విచ్చి నొక్కాడు. టక్. మళ్ళీ నొక్కాడు. టక్. బల్బు మాట్లాడలేదు.

"ఎలగదేటి?"

"కరెంటు రావాల తాతా."

"మరి నువ్వు నేర్సిందేటి?"

"కరెంటొచ్చాక ఎలిగించడం."

సింహాచలం మామకి ఇంకేం కావాలి? "ఓర్నాయినో, ఎడ్లు అమ్మీసి టక్కు కొన్నాడు గాసి!" అన్నాడు. టక్కంటే చప్పుడూ అవుతుంది, మోసమూ అవుతుంది. ఆ రోజు నుంచి మా అన్న పేరు టక్కు ధర్మ. సంతకెళ్ళేవాళ్ళు దారిలో మా ఇంట్లోకి వచ్చి, ఒకసారి టక్కుమనిపించి, నవ్వుకుని పోయేవారు. అయ్య కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. వాళ్ళు వెళ్ళాక పలుపుల వైపు చూసేవాడు. నేనది కనిపెట్టాను.

నెల తిరక్కుండా అన్న విశాఖపట్నం వెళ్ళిపోయాడు. ఒక మోటారు వైండింగు షాపులో పని, రోజుకి ఇరవై రూపాయలు. గదీ తిండీ పోగా నెలకి వంద మిగిలితే ఎక్కువ. ఎడ్లు ఉండుంటే ఒక్క దుక్కి కాలంలోనే అంతకి నాలుగు రెట్లు విలువైన పని చేసిపెట్టేవి. ఈ లెక్క చేసింది నేను. ఏడో తరగతిలో లెక్కల్లో నేనే ఫస్టు.

లెక్కల్లోనే కాదు, అన్నింట్లో. తొంభై ఐదు వేసవిలో ఏడో తరగతి పరీక్ష ఫలితాలు వచ్చాయి. సర్వేశ్వరరావు మేష్టారు మళ్ళీ గొడుగు పట్టుకుని కొండెక్కారు.

"గాసీ, నీలవేణి స్కూలు ఫస్టు. అరకు బాలికల హాస్టల్లో సీటు రాయించాను. ఖర్చేం లేదు. జూన్ ఇరవై లోపు వచ్చి చేరాలి. ఒక్కరోజు దాటినా వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు."

నేను తలుపు చాటున నిలబడ్డాను.

"ఒకపాలి సదువుకి ఎడ్లు పోనాయి బాబూ," అన్నాడు అయ్య. "ఇప్పుడీ గుంట పోతే ఇంట్లో రెండు సేతులు పోతాయి. సింహాచలానికి పని ఎవులు సేత్తారు?"

వాకిట్లో నలుగురైదుగురు పోగయ్యారు. సింహాచలం మామ అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించుకుంటూ, "అంపుతాడు మేష్టారూ, అంపుతాడు. ఆ బుడ్డి ఎలిగినాక అంపుతాడు," అన్నాడు మా బల్బు వైపు చెయ్యి చూపించి. అందరూ గొల్లుమన్నారు.

అయ్యకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. దిగ్గున లేచాడు. "అవునెహె! బుడ్డి ఎలిగిన్నాడే అంపుతాను! శంకుదేవుడి మీద ఒట్టు!"

అంతే, అందరూ నోళ్ళు మూసేశారు. మా ఊరి దేవుడు శంకుదేవుడి మీద ఒట్టు వేశాక వెనక్కి తీసుకోవడం మా ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. అయ్య ముఖం కూడా ఆ మాట అన్న మరుక్షణం పాలిపోయింది. మేష్టారు గొడుగు తీసుకుని లేచారు. కొండ దిగే మలుపు దాకా నేను ఆయన వెనకాలే వెళ్ళాను. ఆయన జేబులోంచి ఒక ఇన్‌లాండ్ కవరు తీసి, దాని మీద అన్న అడ్రసు రాసి ఇచ్చారు.

ఆ ఉత్తరం ఏం రాశానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "అన్నా, అయ్య ఒట్టు పెట్టాడు. బల్బు వెలిగితేనే నన్ను చదువుకి పంపుతాడట. జూన్ ఇరవై లోపు మనూరికి కరెంటు తేగలవా? తేలేకపోతే ఎడ్లు అమ్మి నువ్వు చదివిన చదువు శుద్ధ దండగ." పదమూడేళ్ళ గుంటని. నోటికేమొస్తే అది రాసేదాన్ని.

తర్వాత రోజూ తెల్లవారగానే లేచి స్విచ్చి నొక్కేదాన్ని. టక్. జూన్ పది. టక్. జూన్ పన్నెండు. ఒకరోజు ఒళ్ళు మండి గుప్పిటతో గుద్దితే బద్ద ఒకటి ఊడొచ్చింది. అమ్మ వీపు మీద ఒక్కటిచ్చి, తర్వాత తనే ఏడ్చింది.

ఇరవైకి నాలుగు రోజులుందనగా, శుక్రవారం పొద్దుగూకే వేళ, సంత జనంతో పాటు అన్న కొండెక్కి వచ్చాడు. భుజాన కావిడి. ఒక వైపు గోనెసంచిలో ఏదో బరువు, రెండో వైపు దానికి సరితూగడానికి ఒక బండరాయి. చొక్కా వీపంతా చిల్లులు. మనిషి నడుస్తుంటే భుజం వంకరపోతోంది. అయ్య ఎదురెళ్ళి కావిడి అందుకుని కిందికి దించాడు.

"ఏట్రా ఇది?"

"లైను టెస్టింగు మిషను," అన్నాడు అన్న నేల చూస్తూ.

అయ్య సంచి వైపు చూశాడు, కొడుకు చొక్కా వైపు చూశాడు. "బరువుగానే ఉంది," అని ఊరుకున్నాడు.

అన్న ఆ సంచిని అటకెక్కించి, చోళ్ళ గంపల వెనక ఏదో చేసి, దిగొచ్చి, దూలానికున్న బల్బు తీసి తన జేబులోంచి ఇంకొకటి పెట్టాడు. "పాతది పాడైపోయి ఉంటాది," అన్నాడు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. తర్వాత నన్ను పిలిచి, "ఊరందర్నీ బేగి పిలుసుకురాయే. పోతురాజు తాతని ముందు," అన్నాడు.

పరుగెత్తాను. ముప్పై గడపలూ పది నిమిషాల్లో పిలిచాను. నడవ నిండిపోయింది, మిగిలినవాళ్ళు కిటికీలోంచి తలలు పెట్టారు. అన్న అయ్య చెయ్యి పట్టుకుని స్విచ్చి దగ్గరికి తీసుకెళ్ళాడు. "నొక్కు అయ్యా."

టక్.

వెలిగింది. పసుపుపచ్చగా, చిన్నగా, కాస్త వణుకుతూ. కానీ వెలిగింది. అమ్మ చేతులెత్తి దానికి దణ్ణం పెట్టింది. పిల్లలు ఈలలు వేశారు. నేను ఏం చేశానో నాకు తెలీదు, గెంతానని అందరూ అంటారు. గోడమీది ఎర్రమట్టి చారలు, వేలాడే మొక్కజొన్న కంకులు, మేకుకున్న రెండు పలుపులు, మా ఇల్లు మాకే కొత్తగా కనపడింది.

పోతురాజు తాత బల్బు కిందికి వచ్చి, మెడ పైకెత్తి చాలాసేపు చూశాడు. మా ఇంటి చుట్టూ ఒక్క స్తంభం లేదు. చూరు బయట ఒక్క తీగ లేదు. తాత గొంతు సవరించుకుని, "బుడ్డి ఎలిగినాది. అందరూ సూసినారు. గాసి ఒట్టు తీరిపోనాది," అన్నాడు. సింహాచలం మామ నోరు తెరిచాడు. ఏదో అనబోయి నా ముఖం చూశాడు. తెరిచిన నోరు మూసుకుని, "ఎలిగింది, ఎలిగింది. నానూ సూసినాను," అన్నాడు.

అయ్య నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "సోమవారం బయల్దేరు," అన్నాడు.

కాసేపటికి బల్బు మసకబారితే అన్న ఆర్పేశాడు. మర్నాడు పొద్దున్నే సంచితో, కావిడితో వెళ్ళిపోయాడు. మళ్ళీ నొక్కితే వెలగలేదు. లైను వాళ్ళు టెస్టింగుకి ఒక్కపూట ఇచ్చారని అన్న చెప్పాడు. నేను నమ్మాను. నిజంగా నమ్మాను! సైన్సు పరీక్షలో విద్యుత్ వలయం బొమ్మ వేసి ఐదుకి ఐదు తెచ్చుకున్నదాన్ని. తీగ లేకుండా కరెంటు ఎట్లా వచ్చిందని అడగాలని తోచలేదు. తోస్తే నా సీటు పోతుందని లోపల ఎక్కడో భయమేమో.

హాస్టల్లో చేరాను. పది పాసయ్యాను, ఇంటర్ పాసయ్యాను. రెండువేల సంవత్సరంలో ఏఎన్ఎం నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. సెలవులకి వచ్చినప్పుడల్లా చూసేదాన్ని, దూలానికి ఆ బల్బు అలాగే ఉండేది. అయ్య ప్రతి శుక్రవారం పొగమసి తుడిచేవాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అన్న సంగతే బాగుపడలేదు. తొంభై ఆరులో కరెంటు ఆఫీసులో గిరిజన కుర్రాళ్ళని హెల్పర్లుగా తీసుకుంటున్నారని తెలిసి అందరం ఆశపడ్డాం. ధర్మకి వచ్చి తీరుతుందన్నారు మేష్టారు. ఇంటర్వ్యూకి వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు. ఎందుకు రాలేదంటే నవ్వేసేవాడు. ఆ మరుసటేడు మా ఊరికి తిరిగొచ్చేశాడు. కాఫీ పళ్ళు ఒలిచే మిషన్ల మోటార్లు బాగుచేసేవాడు, సంతలో టార్చిలైట్లు, రేడియోలు బాగుచేసేవాడు. మనవాళ్ళ దగ్గర డబ్బులు అడగడం చేతకాదు అతనికి. రెండు మానికల చోళ్ళు, ఒక పనసకాయ, ఎవరేమిస్తే అదే తెచ్చేవాడు. తర్వాత కాంట్రాక్టరు దగ్గర స్తంభాల గోతులు తవ్వే పని దొరికింది. రోజుకి అరవై. ఎలక్ట్రీషియను కోర్సు చదివి పలుగు పట్టుకున్నాడు. నాకు అతని మీద జాలి, జాలి మీద కోపం. సరిగ్గా ప్రయత్నించలేదని, సోమరని, నా నోటితో నేనే రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ అతను పలుగు భుజాన వేసుకుని పనికి పోయాడు.

రెండువేల ఒకటి దసరా సెలవులకి నేను ఇంట్లో ఉండగా లైను మా ఊరికొచ్చింది. ఆ స్తంభాల గోతులు మా అన్న ముఠా తవ్వినవే. ఆ రోజు అతను కింది ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర లైన్‌మేన్‌తో ఉన్నాడు. "నాను వొచ్చిందాకా ఎవులూ ఏటీ నొక్కొద్దు," అని పొద్దున మా చూరు కింది వైరు కొస స్తంభం తీగకి తగిలించి చెప్పి వెళ్ళాడు. చెబితే వింటారా? పొలాల మీదుగా కేకలు వినిపించాయి, కరెంటొచ్చింది, కరెంటొచ్చింది అని. మళ్ళీ అంతా మా నడవలోకే చేరారు. ఎదురింట్లో కొత్త మీటరుంది, కొత్త బల్బులున్నాయి, అయినా మా ఇంటికే వచ్చారు.

"నువ్వు నొక్కు గుంటా. నీ బుడ్డి," అన్నాడు అయ్య.

నొక్కాను.

ఢాం! తెల్లటి మెరుపు మెరిసి, బల్బు పేలి, గాజు పెంకులు అందరి నెత్తిన పడ్డాయి. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. నేను శంకుదేవుడికి కోపమొచ్చిందనుకున్నాను, నిజం చెప్పాలి కదా. అప్పుడు అన్న పరుగెత్తుకుంటూ లోపలికొచ్చాడు. చేతిసంచిలో కొత్త బల్బు ఉంది. హోల్డరు చూసి తల పట్టుకున్నాడు.

"అయ్యో, అది పన్నెండు ఓల్టులది! రెండువందల ముప్పైకి తాళుతాదా?"

"పన్నెండు ఓల్టులేంటి?" అన్నాను నేను.

ముందు పోతురాజు తాత కిసుక్కుమన్నాడు. తర్వాత సింహాచలం మామ. తర్వాత నడవ నడవంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. "బాట్రీ బుడ్డే పిచ్చిదానా!" అన్నాడు మామ. "ఆ రోజు అటక మీద బాట్రీ పెట్టినాడు మీ యన్న. మాకందరికీ తెలుసు, నీకే తెలీదు!"

అయ్య పెంకులు ఏరుతూ అన్నాడు: "కావిడి దించినప్పుడే నాకు తెలిసినాది. సంతలో మైకుసెట్టోడి కాడ బాట్రీ సూళ్ళేదేటి నాను? కోపంలో ఒట్టెట్టీసినాను. ఎలాగ తీసుకోవాలో తెలీక పది రోజులు కూడు దిగలేదు. బుడ్డి ఎలగాలన్నాను గానీ కరెంటు రావాలన్నానేటి?"

ఊరంతా కలిసి నన్ను మోసం చేసిందని నాకు తిక్కరేగింది. ఆరేళ్ళు! పెరట్లోకి వెళ్ళిపోయాను. అమ్మ వెనకాలే వచ్చింది. నవ్వలేదు.

"ఒకటి ఆళ్ళకీ తెలీదు," అంది అమ్మ. "మీ యయ్యకీ తెలీదు. నాకొక్కదానికే సెప్పినాడు. ఆ బాట్రీ అద్దెకి తేవాలంటే డబ్బు కట్టమన్నాడంట కొట్టోడు. ఈడి కాడ ఏటుంది? ఆ సర్టిపికెట్టు తాకట్టెట్టినాడు. కావిడి కట్టకముందు భుజాన ఎట్టుకుని కొండెక్కుతుంటే యాసిడు ఒలికిపోయి, ఎలిగిన ఆ పూటతోనే బాట్రీ సచ్చిపోనాది. కొట్టోడు ఎనిమిది వొందల యాబై కడితేగానీ కాయితం ఇవ్వనన్నాడు. రోజుకి రూపాయి, రెండు రూపాయలు కట్టినాడు. కాయితం లేకండా ఇంటర్వ్యూకి ఎల్తే తీసుకోలేదు, అది ఇడిపించుకునేసరికి ఉద్యోగాలు అయిపోనాయి."

నేను అక్కడే కూలబడ్డాను. నా ఉత్తరం గుర్తొచ్చింది. శుద్ధ దండగ.

అన్న పెరట్లో వంగి ఫ్యూజు తీగ చుట్టుకుంటున్నాడు. చొక్కా మెడ పక్కకి జరిగి, భుజం మీద యాసిడు మచ్చ కనిపించింది, అరచేయంత. ఆరేళ్ళుగా చూస్తున్నదే. నిప్పురవ్వలు పడ్డాయంటే నమ్మాను. ఎన్ని నమ్మాను నేను!

"ఎందుకు చెప్పలేదు? సోమరివని తిట్టినప్పుడైనా చెప్పొచ్చు కదా!" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను.

"సెబితే నువ్వు సదువు మానీసి వొచ్చీసుందువు," అన్నాడు. తీగని పళ్ళతో కొరికి తెంపి, "దండగని రాసినావు కదే నీలా. దండగ కాదని సూపిద్దామనుకున్నాను. ఆ రోజు నాకు తెలిసింది బుడ్డి ఎలిగించడం ఒక్కటే. ఎలిగించినాను," అన్నాడు.

తర్వాత ఫ్యూజు వేసి, సంచిలోని కొత్త బల్బు పెట్టాడు. అది బాగా తెల్లగా, ధగధగా వెలిగింది. కానీ నాకు ఆ పాతదాని పసుపు వెలుగే ఇష్టం, ఇప్పటికీ.

రెండువేల రెండులో నాకు కాంట్రాక్టు మీద ఏఎన్ఎం ఉద్యోగమొచ్చింది. మంచులో, వానలో, పోలియో చుక్కల డబ్బా భుజాన వేసుకుని కొండకొండా తిరిగాను. బరువు అనిపించినప్పుడు కావిడి గుర్తొచ్చేది. ఏడాది జీతంలో తినగా మిగిలింది కూడబెట్టి, రెండువేల మూడు జూన్‌లో, దుక్కులకి ముందు, పదకొండు వేలు పట్టుకుని అయ్యనీ అన్ననీ సంతకి తీసుకెళ్ళాను. ఒకటి నల్లది దొరికింది. బూడిదరంగుది దొరకలేదు, తెల్లది కొన్నాం. అమ్మినవాడు పలుపులు విప్పుకుని తీసుకుపోయాడు. అయ్య నవ్వి, నడుముకి చుట్టుకొచ్చిన రెండు పాత పలుపులు విప్పాడు. పదకొండేళ్ళ పొగకి అవి నల్లగా మారాయి. తెగలేదు.

సింహాచలం మామ దారిలోనే ఎదురొచ్చి వాటికి పేరు పెట్టేశాడు. ఐటీఐ ఎడ్లు. ఊరు ఊరంతా అదే పేరు. "ఐటీఐ ఎడ్లు మా సేలో పడ్డాయి", "రేపు ఐటీఐ ఎడ్లు మాకు కావాల". టక్కు ధర్మ అని మళ్ళీ ఎవరూ అనలేదు.

ఆ ఏడే సర్వేశ్వరరావు మేష్టారు రిటైరయ్యారు. వెళ్ళిపోయే ముందు ఆఖరిసారి కొండెక్కారు. గొడుగు అదే. మనిషే వంగిపోయారు. అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ అన్నారు.

"గాసీ, నీకు నేనొక మాట బాకీ ఉన్నాను. ఆ రోజు నేను చెప్పి ఎడ్లు అమ్మించాను. కుర్రాడికి ఉద్యోగం రాలేదు. ఎంత లెక్క వేసినా ఆ కోర్సు గిట్టుబాటు కాలేదు. నన్నడగమన్నాను, నువ్వు ఒక్కనాడూ అడగలేదు."

ధర్మన్న అప్పుడే పొలం నుంచి ఎడ్లు తోలుకొచ్చాడు. చొక్కా లేదు. భుజం మీద నాగలి, దాని కింద ఆ మచ్చ. చొక్కా లేకుండా ఊళ్ళోకి రావద్దని నేను వందసార్లు చెప్పాను, వినడు.

అయ్య లేచి వెళ్ళి రెండు పలుపులూ అందుకుని, మేష్టారి ముందుకి నడిపించుకొచ్చాడు.

"అడగడానికేటుంది బాబూ?" అన్నాడు. "రెండేళ్ళన్నావు, పదకొండేళ్ళు పట్టినాది. దారి తిరుగుడైపోనాది. ఎడ్లు మటుకు ఈడే బుడ్డి ఎలిగించి తెచ్చినాడు."

మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అన్న సిగ్గుపడి, "పొద్దుపోయింది, ఈటికి కుడితి పెట్టండెహె," అని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను లేచి స్విచ్చి వేశాను.